వార్ధక్యమున జ్ఞాపకశక్తి

పెద్దలైన స్త్రీలకు మఱపు వచ్చినప్పుడు ఛాదస్తమని నవ్వి యూరకుండుట మన యిండ్లలో వాడుక. ఏబదియేండ్లు ఇంటిలెక్క యంతయు నోటనే నడపిన యామె పోపులపెట్టె యెక్కడ పెట్టెనో మఱచినచో, అది వయోధర్మమా వ్యాధియా యని విచారించువా రరుదు. ఈ విషయమున అమెరికా దేశపు క్రైస్తవ సన్న్యాసినులు లోకమునకు గొప్ప యుపకారము చేసిరి. దానిని సోదరీమణులకు దెలుపగోరి యిది వ్రాయుచున్నాము.

విశాఖపట్టణమువారికి సన్న్యాసినుల జీవనము క్రొత్త గాదు. 1958లో స్థాపింపబడిన సెంట్ జోసఫ్ మహిళా కళాశాల యట్టివారిదే. అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రమున, మాంకేటో పట్టణమందు, బోధనమే వృత్తిగా గల నోటర్ డామ్ సోదరీమణుల మఠ మొకటి యుండెను. 1986లో డేవిడ్ స్నోడన్ అను శాస్త్రజ్ఞుడు అచ్చట పరిశోధన మారంభించెను. తరువాత నితర మఠములవారును జేరి మొత్తము 678 మంది యైరి. చేరునాటికి వారి వయసు 75 మొదలు 102 ఏండ్లు. ఏటేట జ్ఞాపకశక్తి పరీక్షల కొప్పుకొనుటయే గాక, మరణానంతరము తమ మెదళ్లను సైతము పరిశోధనకు దానము చేసిరి.

సన్న్యాసినులనే యేల యెన్నుకొన్నా రనగా, వీరందఱకు భోజనము, వసతి, వైద్యము ఇంచుమించు ఒక్కటియే. పొగాకు లేదు, కాన్పులు లేవు. సంసారినులలో నొకతెకు కలిమి, యొకతెకు లేమి. ఏది దేనికి కారణమో తేల్చుట కష్టము.

మఠపు పాత కాగితములలో నొక నిధి దొరకెను. వ్రతదీక్షకు ముందు యువతులు తమ జీవితకథను స్వహస్తముతో వ్రాసి యిచ్చియుండిరి. అప్పటికి వారికి సుమారు ఇరువదిరెండేండ్లు. వాక్యమునకు ఎన్ని భావములు కూర్చిరో లెక్కింపగా, భావసంపద తక్కువైన వ్రాతలు గలవారికే ముసలితనమున మతిభ్రంశ మెక్కువగ గలిగినట్లు 1996లో ప్రకటించిరి. 2001లో 180 మంది వ్రాతలను మరల జదివిరి. సంతోషము, కృతజ్ఞత, ఆశ మెండుగా గనబఱచినవారు, అవి మిక్కిలి కొఱవడినవారికంటె ఇంచుమించు పదేండ్లు ఎక్కువ జీవించిరి. ఇక మన బాలికలచేత ఉత్సాహవాక్యములు వ్రాయించిన చాలు నని యెవరైన ననుకొందురేమో! ఆ వ్రాత కారణమో, అప్పటికే లోపలనున్న భేదమునకు గుర్తు మాత్రమో తేలలేదు.

మాకు మిక్కిలి విస్మయము గలిగించినది సిస్టరు మేరీ యను నామె వృత్తాంతము. ఎనుబదినాలుగేండ్లవఱకు బోధించి, నూటొక్క యేట మరణించెను. తుదివఱకు పరీక్షలలో చక్కగ సమాధానము లిచ్చినది. మెదడును జూడగా ఆల్జీమర్సు వ్యాధి చిహ్నములు విస్తారముగ నుండెను! వ్యాధి యున్నను బయటపడకుండుట కొందఱియందు సాధ్య మన్నమాట. మెదడులో చిన్న రక్తనాళములు మూసుకొని దెబ్బ తగిలినవారిలో మాత్ర మది తఱచుగ బయటపడినట్లు 1997లో తెలిపిరి. కావున రక్తపుపోటునకును మధుమేహమునకును మందు మానరాదు. మాత్రలు మ్రింగుట మగవారి పనియే యన్నట్లు మన స్త్రీలు తమవి మఱచుచుందురు.

పట్టభద్రలైన సోదరీమణులు తక్కువ చదివి వంటచాకిరీలలో నుండినవారికంటె ఎక్కువకాలము స్వతంత్రముగ బ్రదికిరనియు ఈ పరిశోధన చెప్పుచున్నది. వంటయింటివారమైన మాకిది కొంత కటువుగనే తోచినది.

మా పట్టణమున ఆచార్య చిలుకూరి శాంతమ్మగారి పేరు వినని విద్యావంతులు తక్కువ. 1929లో మచిలీపట్టణమున బుట్టి, 1956లో ఆంధ్ర విశ్వవిద్యాలయమున భౌతికశాస్త్రోపన్యాసకురాలై, 1989లో విరమించిరి. మోకాళ్లకు శస్త్రచికిత్స లైనను, 2022లో తొంబదిమూడేండ్ల వయసున చేతికఱ్ఱలతో విజయనగరము పోయి పాఠములు చెప్పుచుండిరి. ఆమె తల్లియు నూఱేండ్లు దాటి జీవించినది గనుక వంశబలమును ఉండవచ్చును. ఒక్కరినిబట్టి శాస్త్రము గట్టరాదు.

మా చింత ఉక్కునగరపు క్వార్టర్లలోని పెద్దలను గూర్చి. కొడుకు షిఫ్టునకును, కోడలు కొలువునకును, పిల్లలు బడికిని పోవుదురు. పల్లెలో పాడియు పెరడును, పదిమంది పురుళ్లును జూచిన యామెను "కృష్ణా రామా యనుకొనుచు కూర్చుండు మత్తయ్యా" యని సర్వకార్యములనుండి తొలగింతుము. ప్రేమతోనే తొలగింతుము. దాని బదులు వెచ్చముల లెక్క యామెకే విడువరాదా? అక్షరములు రానిచో నేర్పరాదా? మా వీధిలో డెబ్బది దాటిన యొకామెకు మనుమరాలు పలకపై నేర్పినది. ఇప్పుడామె బస్సుపేరు తానే చదివికొని సింహాచలము పోయివచ్చుచున్నది.

పొయ్యి యార్పుట తఱచు మఱచుట, తెలిసిన వీధిలో దారి తప్పుట కనబడినచో నాలసింపక వైద్యునికి జూపవలెను. థైరాయిడు లోపమువలనను, బీ12 విటమిను లోపమువలనను గలిగిన మఱపు చికిత్సతో తగ్గవచ్చును. మా యూర కింగు జార్జి ఆసుపత్రిలో నరముల వైద్యులు కలరు. వెంట పోవువారు మఱపు ఎప్పుడు మొదలైనదో, ఏయే మందులు వాడుచున్నారో కాగితముపై వ్రాసికొని పోవలెను. ముసలామెను పదిమంది యెదుట అడుగుటకంటె నది మేలు.