పెద్దమనిషి కావడం వేరు, పెద్దవడం వేరు

కడప నుంచో గోదావరి జిల్లాల నుంచో బహ్రెయిన్‌కు ఖద్దామాగా, అంటే ఇంటిపనికి, వెళ్లే చాలామంది స్త్రీల పాస్‌పోర్టులో 'ఇసిఆర్' అనే ముద్ర ఉంటుంది. బహ్రెయిన్ వంటి కొన్ని దేశాలకు పనికి వెళ్లాలంటే ప్రభుత్వ అనుమతి తప్పనిసరి అని దాని అర్థం. పదో తరగతి పాసైతే ఆ ముద్ర పడదు. ముద్ర ఉన్నవాళ్లకు 30 ఏళ్లు నిండితేగాని ఇంటిపనికి అనుమతి రాదు. కొన్ని ఇళ్లలో ఆ ముద్ర వెనుక, ఎనిమిదో తొమ్మిదో చదువుతుండగా బడి మాన్పించి చేసిన పెళ్లి ఉంటుంది.

పిల్ల పెళ్లికి తగిన వయసేది? బహ్రెయిన్ 2007లో కనీస వయసు 15 అంది. 2017 నాటి కుటుంబ చట్టం దాన్ని 16 చేసింది. అంతకంటే చిన్నదైతే షరియా కోర్టు అనుమతి కావాలి. 2021లో వచ్చిన బాలల చట్టం మాత్రం 18 నిండనివాళ్లంతా పిల్లలే అంటోంది. మన దేశంలో ఆడపిల్ల పెళ్లికి కనీస వయసు 18. 2006 నాటి మన బాల్యవివాహాల నిషేధ చట్టం విదేశాల్లో ఉన్న భారత పౌరులకూ వర్తిస్తుంది. బహ్రెయిన్ రాజధాని మనామాలో కాపురముంటున్న తెలుగు కుటుంబమైనా సెలవుల్లో ఊరొచ్చి పదహారేళ్ల పిల్లకు పెళ్లి చేస్తే అది నేరమే.

చట్టాల సంగతి అలా ఉంచి శరీరాన్ని అడుగుదాం. పిల్ల రజస్వల కాగానే 'పెద్దమనిషి అయింది' అంటాం. నిజానికి అది మొదలు మాత్రమే. ఆ తర్వాత రెండు మూడేళ్లకు ఎత్తు పెరగడం దాదాపు ఆగిపోతుంది. కానీ బిడ్డ బయటికి రావలసిన కటివలయం మరికొన్నేళ్లు వెడల్పవుతూనే ఉంటుంది. పిల్ల ఎత్తుగా, ఏపుగా కనిపించినా లోపలి దారి ఇంకా ఇరుకే.

ఆ ఇరుకులో బిడ్డ తల చిక్కుకుంటే నొప్పులు గంటలు దాటి రోజులకు సాగుతాయి. తలకూ ఎముకకూ మధ్య నలిగిన కండకు రక్తం అందదు, అది చచ్చిపోతుంది. మూత్రాశయానికీ యోనికీ మధ్య రంధ్రం పడుతుంది. ఆపరేషన్ చేసి సరిచేసేదాకా మూత్రం కారుతూనే ఉంటుంది. దీన్నే ఫిస్టులా అంటారు. మనవాళ్లు గుర్రపువాతం అనే కాన్పు మూర్ఛల ముప్పు కూడా చిన్నవయసు తల్లులకు ఎక్కువ.

తిండి విషయంలోనూ చిక్కే. పెరుగుతున్న తల్లి, పెరుగుతున్న బిడ్డ ఒకే కంచంలోని ఇనుమునూ కాల్షియాన్నీ పంచుకోవాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15-19 ఏళ్ల ఆడపిల్లల్లో నూటికి 59 మందికి రక్తహీనత ఉంది. అందుకే నెలలు నిండకుండా పుట్టే పిల్లలు, తక్కువ బరువుతో పుట్టే పిల్లలు ఈ తల్లులకే ఎక్కువ. పుట్టబోయే పిల్లల ఆరోగ్యం కోసం బహ్రెయిన్‌లో పెళ్లికి ముందు వైద్య పరీక్షలు 2004 నుంచి తప్పనిసరి. సికిల్ సెల్ వంటి వంశపారంపర్య జబ్బుల జాడ వాటిలో తెలుస్తుంది. మేనరికాలు చేసుకునే మనకూ అనుసరించదగ్గ పద్ధతే. అయితే రక్తపరీక్ష ఎంత బాగున్నా, పదహారేళ్ల ఎముకలు పందొమ్మిదేళ్ల ఎముకలు కావు.

తల్లిదండ్రులకు కూతురి మీద ప్రేమ లేక ఈ పెళ్లిళ్లు జరగడం లేదు. 'గుండెల మీద కుంపటి' అన్న మాట భయంలోంచి పుట్టింది. హైస్కూలు పక్క ఊళ్లో ఉంటుంది, దారి మంచిది కాదంటారు. వయసు పెరిగితే కట్నం పెరుగుతుంది. తల్లి గల్ఫ్‌లో ఉంటే పిల్లను ఎవరు కనిపెట్టుకుంటారన్న దిగులు. ఇంతలో 'మంచి సంబంధం' వస్తుంది. అదే సర్వే ప్రకారం, 20-24 ఏళ్ల స్త్రీలలో 18 నిండకుండానే పెళ్లయినవాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 29 మంది, తెలంగాణలో 23 మందికి పైనే.

ఈ భయాలకు బడి చాలావరకు మందు. ఆడపిల్ల బడిలో గడిపే ప్రతి ఏడాదీ పెళ్లిని వెనక్కి నెడుతుంది, ఎముకలు గట్టిపడటానికి వ్యవధి ఇస్తుంది, చేతికో సర్టిఫికెట్ అందిస్తుంది. బడి మానిన పిల్ల తల్లయ్యాక, తన కూతురి బడి ఫీజు కోసమే ఎడారి దేశానికి వెళ్లవలసి రావచ్చు.

మీ వీధిలో బడి ఈడు పిల్లకు ముహూర్తం పెట్టారని తెలిస్తే 1098కి ఫోన్ చేయండి. పగలైనా రాత్రైనా పలుకుతారు, డబ్బు ఖర్చు కాదు. అంతకంటే ముందు ఆ ఇంటికి వెళ్లి, పిల్లను ఇంకో రెండేళ్లు చదివించమని అమ్మానాన్నలతో చెప్పండి.