అట్టలో ఉండిపోయిన బొమ్మ

కళా గ్రంథాలయమంటే బొమ్మలు వేలాడదీసిన ప్రదర్శనశాల కాదు. చిత్రకళ మీది పుస్తకాలు, ప్రదర్శనల కరపత్రాలు, చిత్రకారుల ఉత్తరాలు, చిత్తుగీతలు, పాత పత్రికలు ఒకచోట చేర్చి, అడిగినవారికి వెతికి తీసి ఇచ్చే చోటు. ఇలాంటి చోట్ల పనిచేసే గ్రంథపాలకులు 1969లో బ్రిటన్‌లో ‘ఆర్లిస్’ అనే సంఘంగా ఏర్పడ్డారు. ఒకరి గ్రంథాలయాన్ని మరొకరు బృందంగా వెళ్లి చూడడం ఈ వృత్తిలో చదువు కిందే లెక్క. అలా వెళ్లినవారు చదువరుల హాలు కంటే, వచ్చిన కాగితాన్ని దులిపి, అతికించి, పట్టికలోకి ఎక్కించే వెనక గదినే ఎక్కువసేపు చూస్తారు.

సోంపేట, పలాస, టెక్కలి ప్రాంతాల గ్రంథపాలకులు, ఉపాధ్యాయులు అలాంటి యాత్ర తలపెడితే వెళ్లదగినది శ్రీకాకుళంలోని కథానిలయం. కారా మాస్టారుగా పేరుపడ్డ కాళీపట్నం రామారావు 1997 ఫిబ్రవరి 22న ప్రారంభించిన ఈ సంస్థ పేరుకు కథలదే అయినా, కథ అచ్చయిన పత్రికను సేకరించినప్పుడు ఆ కథకు వేసిన బొమ్మ కూడా వెంట రాక తప్పదు గనుక, ఇది తెలుగు పత్రికా చిత్రకళకూ భాండాగారమే. అయితే కథ కోసం తయారైన సూచికలో రచయిత, పత్రిక, సంచిక ముందుంటాయి. బొమ్మ వేసినవారు సహజంగానే వెనకబడతారు.

ఈ శ్రీకాకుళంలోనే 1921లో పుట్టిన వడ్డాది పాపయ్య ‘వ.పా.’ సంతకంతో చందమామ, యువ, స్వాతి పత్రికలకు వేసిన ముఖచిత్రాలు చాలామంది తెలుగువారికి అచ్చులోనే పరిచయం. ఆ అచ్చును భూతద్దం కింద పెడితే నున్నగా కనిపించిన చెక్కిలి నీలం, ఎరుపు, పసుపు, నలుపు చుక్కలుగా విడిపోతుంది. రంగుల అచ్చు నడిచేదే ఆ చుక్కల మీద. విచారకరమేమిటంటే, సంచికలను సంపుటాలుగా కుట్టించేటప్పుడు బైండర్లు అట్టలను, ప్రకటనలను ఊడదీసి పారేయడం ఎన్నో గ్రంథాలయాల్లో జరిగింది. కథ మిగిలింది, ముఖచిత్రం పోయింది.

మిగిలినదానికీ ఆయుష్షు తక్కువే. చవక కాగితంలో కలప గుజ్జుతోపాటు ఉండిపోయే లిగ్నిన్ అనే పదార్థం వెలుతురుకు, గాలికి పచ్చబడి, పుట్టిన ఆమ్లం వల్ల పుట పెళుసై మడతల దగ్గర విరుగుతుంది; తీరపు తేమకు పిన్నులు తుప్పుపట్టి చుట్టూ కాగితాన్ని తినేస్తాయి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను చూసిన సోంపేట, పలాసల ఉద్దానం ప్రాంతంలో, పై కప్పు ఎగిరిన ఇంట పుస్తకాల పెట్టె ఏమవుతుందో వేరే చెప్పనక్కర్లేదు.

బృందంగా వెళ్లేవారు పెన్ను బదులు పెన్సిలు పట్టుకెళ్లాలి; చేతితొడుగులతో పుట అంచు వేలికి తెలియక చిరుగుతుంది గనుక, కడిగి ఆరబెట్టుకున్న చేతులే మేలు. సంపుటం చేతికి రాగానే చూడవలసినది లోపలి కథలు కాదు, అట్టలు కలిపి కుట్టారా లేదా అన్నది.