సీఆర్‌పీ రిపోర్టులో కనిపించని దిగులు

వారానికి మూడు రోజులు, వెళ్లిన ప్రతిసారీ నాలుగు గంటలు. సూదులు గుచ్చేందుకు రక్తనాళాలను కలిపిన ఫిస్టులా ఉన్న చెయ్యి కదపకుండా పడుకోవాలి. డయాలసిస్ మీద ఉన్న మనిషి మాట తగ్గించేస్తే ఇంట్లోవాళ్లు తలా ఒక కారణం చెప్పుకుంటారు. వాటిలో చాలావరకు అపోహలే.

అపోహ: ఇంత జబ్బొచ్చాక దిగులు ఉండక ఏం చేస్తుంది?

వాస్తవం: బాధ సహజమే. డిప్రెషన్ వేరు. అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలను కలిపి 2013లో చేసిన విశ్లేషణలో, మాట్లాడి నిర్ధారించినప్పుడు డయాలసిస్ రోగుల్లో దాదాపు 23 శాతం మందికి డిప్రెషన్ ఉందని తేలింది. ప్రశ్నావళి నింపించి లెక్కిస్తే అది 39 శాతం దాకా వెళ్లింది. నీరసం, నిద్రలేమి, ఆకలి చచ్చిపోవడం కిడ్నీ జబ్బులోనూ ఉంటాయి కాబట్టి కాగితం మీద రెండూ కలిసిపోతాయి. అందుకే ఇంట్లోవాళ్లు గమనించాల్సింది వేరే ఉంది. మనవరాలు వచ్చి ఒళ్లో కూర్చున్నా ముఖం విప్పారడం లేదా? ‘నేను మీకు బరువైపోయాను’ అంటున్నారా?

అపోహ: మనసు గట్టిగా లేకపోవడం వల్లే ఇదంతా.

వాస్తవం: ఈ మాటే రోగిని ఎక్కువ గాయపరుస్తుంది. కిడ్నీలు చెడిపోయిన ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్ (వాపు) సన్నటి సెగలా రగులుతూనే ఉంటుంది. రక్తంలో పేరుకున్న మలినాలు, మెడ దగ్గర పెట్టిన కాథెటర్, ఒంట్లో చేరిన నీరు, చిగుళ్ల జబ్బు దాన్ని పెంచుతాయి. అప్పుడు విడుదలయ్యే ఇంటర్‌ల్యూకిన్-6 వంటి పదార్థాల ప్రభావం మెదడు మీదా పడుతుంది. మనసును నిలకడగా ఉంచడంలో పాత్ర ఉన్న సెరొటోనిన్ తయారీకి కావలసిన ట్రిప్టోఫాన్‌లో ఎక్కువ భాగం అప్పుడు కైన్యురెనిన్‌గా మారిపోతుంది. దాన్ని బయటికి పంపాల్సిన కిడ్నీలేమో పనిచేయవు. ఇందులో మనిషి తప్పేముంది?

అపోహ: అయితే ఇన్‌ఫ్లమేషన్‌ను చూపే సీఆర్‌పీ రక్తపరీక్ష చేయిస్తే డిప్రెషన్ ఉందో లేదో తెలిసిపోతుంది.

వాస్తవం: తెలియదు. ఇంటర్‌ల్యూకిన్-6 ప్రేరణతో కాలేయం తయారుచేసేదే సీఆర్‌పీ. కాలి పుండుకీ అది పెరుగుతుంది, జ్వరానికీ పెరుగుతుంది. డిప్రెషన్‌తో దానికి సంబంధం ఉందని కొన్ని అధ్యయనాలు చెబితే, మరికొన్నింటిలో అది కనిపించలేదు. పైగా దిగులుతో తిండి మానేసి, డయాలసిస్‌కి వెళ్లకపోయినా ఇన్‌ఫ్లమేషన్ పెరగవచ్చు. ఏది ముందో చెప్పడం కష్టం. సీఆర్‌పీ ఎక్కువగా వస్తే ఇన్‌ఫెక్షన్ ఏమైనా ఉందేమో వెతకాలి. మామూలుగా వచ్చినంత మాత్రాన మనసు బాగున్నట్టు కాదు.

అపోహ: మనసుకి మందులు మొదలుపెడితే ఉన్న కాస్త ఆరోగ్యమూ పోతుంది.

వాస్తవం: డయాలసిస్ రోగులకు తగిన మందులున్నాయి. ఏది, ఎంత మోతాదన్నది కిడ్నీ డాక్టరు, మానసిక వైద్యులు కలిసి తేల్చాలి. అమెరికాలో 120 మంది డయాలసిస్ రోగులతో జరిగి 2019లో వెలువడిన అధ్యయనంలో సెర్‌ట్రలిన్ మాత్రలతోనూ, డయాలసిస్ జరుగుతుండగా పక్కన కూర్చుని ఇచ్చిన కౌన్సెలింగ్‌తోనూ 12 వారాల్లో మార్పు కనిపించింది. మాత్రలు కాస్త ముందున్నాయి, దుష్ప్రభావాలూ వాటితోనే ఎక్కువ. అందరికీ ఒకే మందు సరిపడదు. మొదలుపెట్టినదాన్ని సొంతంగా ఆపేయకూడదు.

‘ఇక డయాలసిస్ మానేస్తా’ అన్న మాట వినపడితే విసుగు కింద తీసేయకండి. ఆ రోజే డాక్టరుకు చెప్పండి. ఉచిత మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ నంబరు 14416. రాత్రైనా పగలైనా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడవచ్చు.