బాబీ బండికి 'డూప్' పనికిరాడు!

హీరో మేడ మీంచి దూకితే ఈల వేస్తాం. దూకింది హీరో కాదు, డూప్ అని మనకీ తెలుసు. అయినా ఫరవాలేదు. రెండు క్షణాల్లో షాట్ అయిపోతుంది, కథ ముందుకెళ్తుంది. మరి మోటార్ సైకిల్ ఇంజన్‌లో డూప్ దూరితే? అక్కడ 'కట్' చెప్పే డైరెక్టర్ ఉండడు! ఈ సంగతి నాకు మైపాడు దగ్గర చేల మధ్య మట్టిరోడ్డు మీద, నడుస్తున్న బండి వెనక చక్రం ఉన్నట్టుండి బిగుసుకుపోయినప్పుడు తెలిసొచ్చింది.

ఆ బండి మా మేనమామది. అలాంటిలాంటి బండి కాదండోయ్... 'బాబీ' బండి!

మూడో స్టార్

1973లో రాజ్‌కపూర్ 'బాబీ' తీశాడు. హీరోగా రిషీకపూర్, హీరోయిన్‌గా డింపుల్ కపాడియా, ప్రధాన పాత్రల్లో ఇద్దరికీ అదే తొలి అవకాశం. దేశంలో కుర్రకారు వెర్రెత్తిపోయారు. ఆ జంటతో పాటు మూడో స్టార్ కూడా పుట్టింది. అదే ఎస్కార్ట్స్ వారి రాజ్‌దూత్ జి.టి.ఎస్. 175. చిన్న చక్రాలు, పొట్టి ఆకారం, చూడగానే ఎక్కాలనిపించే బండి. కంపెనీ పెట్టిన పేరు కంపెనీకే మిగిలింది. జనం మాత్రం 'బాబీ' అనే పిలిచారు.

మా మామ ఆ సినిమా ఎన్నిసార్లు చూశాడో ఆయనకే లెక్క లేదు. 1975లో వడ్లమ్మిన డబ్బుతో బండి కొనేశాడు. పెట్రోలు టాంకు మీద నన్ను కూర్చోబెట్టుకుని మైపాడు సముద్రానికి తీసుకెళ్లేవాడు. తర్వాత ఓరోజు బండి ఆగిపోయింది. పూరిపాకలో మూలన పడింది. సముద్రపు గాలిలో ఉప్పుంటుంది కదా, అది ఇనుమును ఊరికే వదలదు. ఆకులు (అదే, చక్రం ఊచలు), రిమ్ములు, సైలెన్సర్ అన్నీ తుప్పు పట్టాయి.

మొన్నామధ్య మామకి గుండె ఆపరేషన్ అయింది. ఇంటికొచ్చిన వారానికి నన్ను పిలిచి, "ఆ బండిని పాత ఇనప సామాన్లోడికి ఏసెయ్ అబ్బయా. నాదీ దానిదీ ఒకే పని అయిపోయిండాది" అన్నాడు. నాకు మనసొప్పలేదు. "నడిపిస్తాను మామా" అన్నాను. అనడం తేలికే!

లోపల సులువు, పైన కష్టం

ఒక విషయంలో అదృష్టం కలిసొచ్చింది. బాబీ ఒళ్లు వేరైనా గుండె మాత్రం మామూలు రాజ్‌దూత్ 175దే. పోలండ్ వారి ఎస్.హెచ్.ఎల్. నమూనాతో వచ్చిన 173 సి.సి. టూ స్ట్రోక్ ఇంజన్. రాజ్‌దూత్ దశాబ్దాల పాటు పల్లెపల్లెకీ వెళ్లింది కాబట్టి ఇంజన్ సామాను ఇప్పటికీ వెతికితే దొరుకుతుంది. టాంకు, సీటు, మడ్‌గార్డు ఇవి బాబీకే ప్రత్యేకం. వాటిని పోగొట్టుకున్నవాడు ఇంకో బాబీ చచ్చేదాకా ఆగాల్సిందే! తుప్పు పట్టినా సరే అవి మా పాకలోనే ఉన్నాయి.

నా మొదటి తప్పు తొందర. ఒక దుకాణంలో తళతళలాడే పాకెట్‌లో పిస్టన్ ఇచ్చారు. "ఒరిజినలేనా?" అంటే, "దానికంటే గొప్పది సార్" అన్నారు. ఆ మాటకే అనుమానం రావాలి నాకు! బిగించాం. బండి స్టార్టయింది. మామ కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. పట్టుమని నాలుగు కిలోమీటర్లు వెళ్లానో లేదో, పిస్టన్ సిలిండర్‌కి పట్టేసింది. క్లచ్ నొక్కబట్టి బతికాను. లేకపోతే ఆ రోజు పడాల్సింది రొయ్యల గుంటలో.

మా మెకానిక్ ఆ పిస్టన్ని చేతిలో తిప్పి చూశాడు. "నాసిరకం లోహం. వేడికి మితిమీరి ఉబ్బింది. పిస్టన్‌కీ సిలిండర్‌కీ మధ్య ఉండే సందు వెంట్రుకంతే. అదీ పోతే ఇంక కదిలేదెట్టా?" అన్నాడు.

మళ్లీ మద్రాసు రైలు

ఒకప్పుడు నెల్లూరు కుర్రాళ్లు సినిమా పిచ్చితో మద్రాసు రైలెక్కి కోడంబాకం చేరేవాళ్లు. నేనూ పినాకిని ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. సంచిలో ఫోటోలు లేవు, నూనె మరకల పిస్టన్ ఉంది. దిగింది పుదుప్పేటలో. పాత బండ్ల సామానుకి దశాబ్దాలుగా పేరున్న పేట అది. ఇరుకు సందుల్లో ఇంజన్లు, గేర్లు, హెడ్‌లైట్లు గుట్టలుగా పోసి ఉంటాయి. మూడుసార్లు తిరిగితే గానీ నాకు చదువు ఒంటబట్టలేదు. ఆ చదువేదో మీకూ చెబుతాను.

పాత సామాను పారెయ్యకండి. దాన్ని చేత్తో పట్టుకెళ్లి, వెర్నియర్‌తో కొలిచి, కొత్తదాంతో పోల్చండి. బేరింగ్‌కి కంపెనీ కన్నా నంబరు ముఖ్యం. ఉదాహరణకి 6204 అని ఉంటే లోపలి రంధ్రం 20 మిల్లీమీటర్లు, బయటి కొలత 47, మందం 14. ప్రపంచంలో ఎక్కడ కొన్నా అంతే. కాబట్టి బేరింగ్ కోసం 'రాజ్‌దూత్‌దే కావాలి' అని ఊళ్లు తిరగక్కర్లేదు.

ఇక్కడే ఇంకో తమాషా. ఒరిజినల్ అయినంత మాత్రాన సరైనది కాదు! ఒకాయన నలభై ఏళ్ల నాటి ఆయిల్ సీళ్లు, సీలు విప్పని పాకెట్‌తో సహా చూపించాడు. నేను మురిసిపోయాను. వేలితో వంచితే పెళుసుగా విరిగింది. రబ్బరుకీ వయసుంటుంది మరి! టూ స్ట్రోక్ ఇంజన్‌లో ఆ సీళ్లు కారితే క్రాంక్ కేసులో ఒత్తిడి నిలవదు, బయటి గాలి దూరి పెట్రోలు పాలు తగ్గి ఇంజన్ కాగిపోతుంది. పైగా ఇప్పటి పెట్రోల్లో 20 శాతం దాకా ఇథనాల్ కలుస్తోంది. అది పాతకాలపు రబ్బరును తినేస్తుంది. అందుకే సీళ్లు, పెట్రోలు పైపు కొత్తవే కొన్నాను. లోహంలో పాతదాని కొలత, రబ్బరులో కొత్తదాని బలం. ఇదీ నేను నేర్చుకున్న సూత్రం.

ఒకచోట పూర్తి ఇంజన్ చౌకగా ఇస్తామన్నారు. ఆశ పుట్టింది. కానీ దాని నంబరు వేరు, కాగితాలు లేవు. ఎవరి బండిలోదో? ఎవరు ఏడుస్తున్నారో? వద్దన్నాను. చట్టం సంగతీ ఉంది. 2021లో కేంద్రం తెచ్చిన నియమాల ప్రకారం 50 ఏళ్లు దాటిన బండిని 'వింటేజ్'గా రిజిస్టర్ చేయించవచ్చు. కానీ అది అసలు రూపంలోనే ఉండాలి. ఛాసిస్, ఇంజన్ మార్చేస్తే ఆ గౌరవం దక్కదు. 2025తో మా బాబీకి 50 నిండాయి. చౌక ఇంజన్ కోసం ఆ గౌరవాన్ని అమ్ముకోనా?

చివరికి సరైన ఓవర్‌సైజు పిస్టన్ ఒక ముసలాయన కొట్లో, అటక మీద దొరికింది. దానికి తగ్గట్టు లేత్ షాపులో సిలిండర్ బోరు చేయించాం. రింగులు సిలిండర్‌లో పెట్టి సందు కొలిచాకే బిగించాం.

క్లైమాక్స్

అన్నీ దొరికాయి, ఒక్కటి తప్ప. టాంకు మీద అతికించే కంపెనీ పేరు బిళ్ల. నకిలీ బిళ్ల చేయించి తెచ్చాను. మామ దాన్ని చూసి పక్కన పెట్టేశాడు. "లేందాన్ని లేదని చెప్పుకుంటే తప్పేంది? ఖాళీగానే ఉండనీ" అన్నాడు.

కిక్ కొట్టద్దని ఆయనకి డాక్టర్ల ఆజ్ఞ. నేనే కొట్టాను. ఒకటి... రెండు... మూడోదానికి నీలంగా పొగ వదిలి బాబీ పలికింది. ఆ చప్పుడుకి అత్తయ్య వంటింట్లోంచి పరుగున వచ్చింది.

మామ చెవి ఒగ్గి విన్నాడు. "అదే గొంతు... డబ్బింగ్ కాదు!" అన్నాడు.

ఈసారి నేను ముందు, ఆయన వెనక. ఎక్కడికి వెళ్లామో వేరే చెప్పాలా? సముద్రం దాకా బండి ఎక్కడా ఆగలేదు. తిరిగొచ్చాక మాత్రం మరిచిపోకుండా ఉప్పుగాలి తగిలిన ప్రతి భాగాన్నీ మంచినీళ్లతో కడిగి, తుడిచి, నూనె రాశాం. సరైన సామాను వెతికి తేవడం ఒక ఎత్తు. దాన్ని తుప్పుకి అప్పజెప్పకుండా కాపాడుకోవడం ఇంకో ఎత్తు!