రిపోర్టు నార్మల్, అరికాళ్ళలో మంటలు



మా అమ్మగారి కాలి చెప్పు దారిలో జారిపోయేది, ఆమెకు తెలిసేది కాదు. వెనుక నుండి మనవడు తెచ్చి ఇచ్చేవాడు. మొదట మేమందరమూ నవ్వుకున్నాము. తరువాత అరికాళ్ళలో మంటలు, రాత్రిళ్ళు తిమ్మిర్లు మొదలయ్యాయి. ముఖము కడుక్కొనేటప్పుడు కళ్ళు మూసుకుంటే తూలిపోయి గోడ పట్టుకొనేది. అప్పుడు మా నవ్వు ఆగిపోయింది.

పట్టణములో ఒక డాక్టరుగారికి చూపించాము. రక్తపరీక్షలో బి12 విటమిన్ 230 పికోగ్రాములు వచ్చింది. ఆ ల్యాబు కాగితము మీద 200 నుండి 900 వరకు నార్మల్ అని ఉన్నది. రక్తహీనత కూడా లేదు. “అంతా బాగానే ఉందమ్మా. పదేళ్ళ షుగరు, పైగా వయసు” అని ఆయన మంట తగ్గే మాత్రలు వ్రాశారు. మేము నమ్మి ఇంటికి వచ్చాము. అలా ఎనిమిది నెలలు గడిచిపోయాయి.

నార్మల్ అంటే ఏమిటి? ఆ గీత ల్యాబును బట్టి మారుతుంది. 2024 మార్చిలో బ్రిటన్ ఆరోగ్య సంస్థ నైస్ ఇచ్చిన సూచనల ప్రకారము 180 కంటే తక్కువైతే లోపము ఉన్నట్టే. 180 నుండి 350 వరకు సందేహపు అంకె. ఆ మధ్యలో ఉండి లక్షణాలు కూడా ఉంటే మరొక పరీక్ష అవసరము. మా అమ్మగారి 230 సరిగ్గా ఆ సందేహములోనే ఉన్నది.

రక్తము బాగున్నా నరాలు దెబ్బతినవచ్చు. 1988లో అమెరికాలో లిండెన్‌బామ్ అను వైద్యుడు, ఆయన సహచరులు, బి12 లోపముతో నరాలు, మనస్సు దెబ్బతిన్న 141 మందిని గూర్చి వ్రాశారు. వారిలో 40 మందికి రక్తహీనత గాని, ఎర్రకణాలు పెద్దవి కావడము గాని లేదు. మన భీమవరములో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారి బృందము 1945లో ఫోలిక్ ఆసిడ్ తయారుచేసింది. దానిని బి12 లోపమున్న రోగులకు ఇస్తే రక్తము కోలుకున్నది గాని, కొందరికి నరాల జబ్బు ముదిరింది. బి12ను వేరుచేయడము 1948లో గాని జరగలేదు. కాబట్టి ఫోలిక్ ఆసిడ్ మాత్రలు వాడేవారి రక్తపరీక్ష బాగున్నంత మాత్రాన నిశ్చింతగా ఉండరాదు.

ఈ సంగతులు తెలుసుకొని అదే డాక్టరుగారి వద్దకు మరల వెళ్ళాము. తప్పు ఆయనది మాత్రమే కాదు. మొదటిసారి మేము “కాళ్ళు మంటలు” అని మాత్రమే చెప్పాము. ఈసారి ఒక కాగితము మీద వ్రాసుకొని పోయాము: చెప్పు జారడము, కళ్ళు మూస్తే తూలడము, ఎప్పటినుండి మొదలైనది, పదేళ్ళుగా మెట్‌ఫార్మిన్, నాలుగేళ్ళుగా గ్యాస్ మాత్ర. “అయ్యా, ఈ 230 సరిపోతుందా? హోమోసిస్టీన్ గాని, మిథైల్ మలోనిక్ ఆసిడ్ గాని చూడవచ్చా?” అని వినయముగా అడిగాము. ఆయన కాగితము రెండుసార్లు చదివి, మ్రోగుతున్న శ్రుతిదండమును అమ్మగారి బొటనవ్రేలి మీద పెట్టారు. ఆమెకు అదురు తెలియలేదు. హోమోసిస్టీన్ ఎక్కువగా వచ్చింది. ఆ వారమే బి12 ఇంజెక్షన్లు మొదలుపెట్టారు.

కొన్ని నెలలకు మంటలు తగ్గాయి, తూలడము పోయింది. కాలివ్రేళ్ళ మొద్దుబారడము మాత్రము నేటికీ ఉన్నది. ఆలస్యమైతే నరము పూర్తిగా తిరిగి రాకపోవచ్చునని డాక్టరుగారే చెప్పారు.

చదువరులు కొన్ని జాగ్రత్తలు గమనించగలరు. మెట్‌ఫార్మిన్, ఒమెప్రజోల్ వంటి మాత్రలు ఏళ్ళ తరబడి వాడేవారు, పాలు, గుడ్లు, మాంసము అరుదుగా తినేవారు, కడుపు ఆపరేషను అయినవారు ముఖ్యముగా చూసుకోవాలి. సొంతముగా షుగరు మాత్ర మానవద్దు. పరీక్షకు ముందే బి12 వాడితే అంకె పెరిగి అసలు సంగతి మరుగున పడుతుంది. బలానికని బి6 ఎక్కువ మోతాదులో ఏళ్ళ తరబడి మ్రింగితే అదే నరాలకు హాని. ప్రతి తిమ్మిరీ బి12 లోపము కాదు. షుగరు, థైరాయిడ్, మద్యము, కుష్ఠు కూడా కారణాలు కావచ్చు.

మీ ఇంట పెద్దవారి చెప్పు దారిలో జారిపోతుంటే నవ్వి ఊరుకొనకండి. రిపోర్టుతో పాటు ఆ మాట కూడా డాక్టరుగారికి చెప్పండి.