తాపీ తీరాన తొలి ఊళ్లు

2001 మే నెలలో అప్పటి కేంద్ర మానవ వనరుల అభివృద్ధి మంత్రి మురళీ మనోహర్ జోషి ఒక సంచలన ప్రకటన చేశారు. సూరత్ పక్కనున్న ఖంభాత్ సింధుశాఖ అడుగున, ముప్ఫై నలభై మీటర్ల లోతులో, ఓ ప్రాచీన నగరం ఆనవాళ్లు కనిపించాయన్నది దాని సారాంశం. చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ కాలుష్యం సర్వే కోసం సోనార్‌తో సముద్రపు అడుగును చిత్రిస్తుంటే గోడల్లాంటివి, వీధుల్లాంటివి తెరమీదికి వచ్చాయి. తర్వాత అడుగు నుంచి పైకి తీసిన చెక్క నమూనాలను హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ), లక్నోలోని బీర్బల్ సాహ్నీ సంస్థ పరీక్షించాయి. వాటిలో ఒకదాని వయసు దాదాపు తొమ్మిదిన్నర వేల ఏళ్లని తేలింది.

అంతే. ప్రపంచ నాగరికతకు పుట్టిల్లు గుజరాత్ తీరమేనన్న మాట పుట్టింది. సుమేరియా కన్నా, ఈజిప్టు కన్నా నాలుగు వేల ఏళ్లు ముందన్నారు. ఆ మాట ఇప్పటికీ వాట్సాప్‌లో తిరుగుతూనే ఉంది.

నాకు మాత్రం ఆ వాదనలో పస కనిపించదు. దుంగ వయసు ఊరి వయసు కాదు. నర్మద, తాపీ, మహి, సాబర్మతి నాలుగూ ఈ సింధుశాఖలోనే కలుస్తాయి. కొండల్లోని చెట్లనూ ఒండ్రునూ మోసుకొచ్చి ఇందులోనే కుమ్మరిస్తాయి. పైగా ఇక్కడి ఆటుపోట్లు ప్రపంచంలోనే పెద్దవాటిలో లెక్క. రోజుకు రెండుసార్లు అడుగంతా కెలికినట్టవుతుంది. అక్కడి బురదలో దొరికిన చెక్క ఏ అడవిదో, ఎప్పుడు కొట్టుకొచ్చిందో ఎవరు చెప్పగలరు? వస్తువులను తీసింది కూడా పొర పొరగా తవ్వి కాదు, డ్రెడ్జర్‌తో అడుగును గీకి. పురావస్తు శాస్త్రంలో వస్తువు ఎంత ముఖ్యమో అది దొరికిన పొర కూడా అంతే ముఖ్యం. పొర చెదిరిందంటే సాక్ష్యం చెదిరినట్టే.

బాధేమిటంటే, రుజువు కాని నగరం గురించి ఇంత మాట్లాడుకున్న మనం, సూరత్ చుట్టుపక్కల నేల మీద నిక్కంగా దొరికిన ఊళ్ల గురించి మాట్లాడుకోలేదు.

సూరత్‌కు ఉత్తరాన కిమ్ నది సముద్రంలో కలిసే చోట భగత్రావ్ ఉంది. హరప్పా నాగరికత ఇంత దక్షిణానికి వచ్చిందని 1957లో పురావస్తు శాస్త్రవేత్త ఎస్.ఆర్. రావు అక్కడే గుర్తించారు. తాపీ ముఖద్వారం దగ్గర, సూరత్ జిల్లాలోనే, మాల్వణ్ ఉంది. దాన్ని 1970లో భారత పురావస్తు శాఖ, కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం కలిసి తవ్వాయి. ఆ పనిని నడిపించినవారు జగత్‌పతి జోషి, ఎఫ్.ఆర్. ఆల్చిన్. కచ్‌లోని ధోలావీరాను కనుగొన్నదీ ఈ జోషీయే. మాల్వణ్ మహానగరమేమీ కాదు. హరప్పా నగరాలు చివరి దశకు చేరిన కాలం నాటి చిన్న పల్లె. అయినా సింధు తీరంలో పుట్టిన జీవన విధానం తాపీ గట్టు దాకా నడిచొచ్చిందనడానికి ఆ పల్లె చాలు.

హరప్పావాళ్లు ఇంత దూరం ఎందుకొచ్చారు? ఒక కారణం రాయి. భరూచ్ జిల్లాలో, రాజ్‌పిప్లా కొండల అంచున రతన్‌పుర్ గనులున్నాయి. కార్నీలియన్ అనే ఎర్ర రాయికి అవి పేరుమోసినవి. ఇక్కడివాళ్లు దాన్ని అకీక్ అంటారు. నేలలోంచి తీసినప్పుడు ఆ రాయికి అంత ఎరుపు ఉండదు. ఎండలో ఆరబెట్టి, సన్నటి సెగలో కాలిస్తే లోపలి ఇనుము రంగు మారి, రాయి నెత్తురులా ఎర్రబడుతుంది. తర్వాత చెక్కాలి, నునుపు చేయాలి, బెజ్జం వేయాలి. హరప్పా పనివాళ్లు అందుకు ప్రత్యేకమైన గట్టి రాతి మొనలు వాడారు. ఖంభాత్‌లో నేటికీ పూసలు చేసే కుటుంబాల పని చూసి, పాత పద్ధతులను తిరిగి చేసి చూసిన పురావస్తు శాస్త్రవేత్త మార్క్ కెనోయర్ బృందం లెక్క ప్రకారం ఆ మొన గంటకు రెండున్నర మిల్లీమీటర్లే దిగుతుంది. అంటే పది సెంటీమీటర్ల పొడవు పూసకు ఒక్క బెజ్జానికే నలభై గంటలు! మధ్యలో చేయి వణికితే పూస పగిలి, పడ్డ శ్రమంతా వృథా.

ఆ పూసలు ఎక్కడిదాకా వెళ్లాయో చూడండి. ఇరాక్‌లోని ఊర్ నగరంలో లియొనార్డ్ వూలీ తవ్విన రాజ సమాధుల్లో, నాలుగున్నర వేల ఏళ్ల నాటి రాణుల నగల్లో, తెల్లని గీతల నగిషీతో కార్నీలియన్ పూసలున్నాయి. ఆ పనితనం సింధు నాగరికతది. క్రీ.పూ. 2300 ప్రాంతంలో అక్కాద్ రాజు సార్గాన్, మెలుహ్హా ఓడలు తన రేవులో లంగరు వేశాయని శాసనంలో గొప్పగా చెప్పుకున్నాడు. మెలుహ్హా అంటే సింధు ప్రాంతమేనని చాలామంది పండితుల అభిప్రాయం. నేడు వజ్రాలు సానపట్టి ప్రపంచానికి పంపుతున్న సూరత్‌కు ఇంతకన్నా దగ్గరి చరిత్ర ఏముంటుంది?

రెండో కారణం నూలై ఉండొచ్చు. అహ్మదాబాద్ జిల్లాలోని సరగ్వాలా గ్రామం దగ్గర లోథల్‌ను 1954లో కనుగొన్నదీ ఎస్.ఆర్. రావే. 1962 దాకా తవ్వకాలు సాగాయి. అందరూ అక్కడి ఇటుకల రేవు గురించి చెప్తారు. అది రేవా, చెరువా అని చాలాకాలం వాదించుకున్నారు కూడా. నా కళ్లు మాత్రం గోదాములో దొరికిన మట్టి ముద్రల దగ్గరే ఆగిపోతాయి. కాలిపోయిన గోదాము అది. ఆ మంటలోనే మట్టి గట్టిపడి ముద్రలు మిగిలాయి. ముందువైపు జంతువు బొమ్మ, లిపి. వెనక్కి తిప్పితే నేత గుడ్డ అచ్చు, చాప అచ్చు, పేనిన తాడు అచ్చు. సరుకును గుడ్డలో చుట్టి, తాడుతో బిగించి, ముడి మీద తడి మట్టి అద్ది ముద్ర కొట్టారన్నమాట. గుడ్డ పోయింది, తాడు పోయింది, వాటి ఆనవాలు ఉంది. సూరత్ రింగ్ రోడ్డు మార్కెట్లలో చీరల పార్సిళ్లు కట్టి, పైన గుర్తు రాసి లారీకి ఎక్కించే హమాలీకి ఆ ముద్రను చూపిస్తే, అదేమిటో ఎవరూ విడమరచి చెప్పక్కర్లేదు.

ఇక మొదటి ప్రశ్నకు వద్దాం. నాగరికత ఎక్కడ మొదలైంది? ఒక్క చోట కాదు. టర్కీలోని గోబెక్లి తెపెలో క్రీ.పూ. 9500 నాటికే, ఇంకా వేట మీద బతుకుతున్నవాళ్లు పెద్ద రాతి స్తంభాలు నిలబెట్టారు. బలూచిస్తాన్‌లోని మెహర్‌గఢ్‌లో క్రీ.పూ. 7000 నాటికి వ్యవసాయం ఉంది. రాత, పెద్ద నగరం ముందుగా కనిపించేది ఇరాక్‌లోని ఉరుక్‌లో. హరప్పా, మొహెంజొదారో నిండుగా వెలిగింది క్రీ.పూ. 2600 నుంచి 1900 వరకు. సరిగ్గా ఆ రోజుల్లోనే, సముద్రాలకు ఆవల పెరూలో కరాల్ అనే నగరం లేచింది. అక్కడివాళ్లు పత్తి పండించి వలలు అల్లేందుకు ఇచ్చి, తీరంలోని జాలరుల నుంచి చేపలు తెచ్చుకునేవారు. వాళ్ల పత్తి జాతి వేరు, మన పత్తి జాతి వేరు. ఒకరి గురించి ఒకరికి తెలియనే తెలియదు. అయినా ఇద్దరూ దూదిని దారంగా వడికారు. మన వైపు పత్తికి పాత సాక్ష్యం మెహర్‌గఢ్‌దే. ఏడు వేల ఏళ్లకు పైబడిన ఒక రాగి పూస బెజ్జంలో తుప్పు కాపాడిన నూలు పోగులు దొరికాయి.

ఈ కథలో తెలుగు నేలకూ చోటుంది. మాల్వణ్ తవ్విన ఆల్చిన్ అంతకు ముందే, 1957లో, పాత మహబూబ్‌నగర్ జిల్లాలోని ఉట్నూరు బూడిద దిబ్బను తవ్వారు. ఆదిలాబాద్ ఉట్నూరు కాదిది, కృష్ణా తీరానికి దగ్గరి పల్లె. ఆ దిబ్బ ఏ యజ్ఞానిదో, రాక్షసుడిదో కాదని ఆయన తేల్చారు. మొద్దుల కంచె కట్టిన పశువుల దొడ్డి అది. పేడ పేరుకున్నాక తగలబెట్టేవారు, మళ్లీ కంచె కట్టేవారు. బూడిద పొరల్లో ఆవుల గిట్టల అచ్చులు అలాగే ఉన్నాయి. హరప్పాలో ఇటుకల ఇళ్లు లేస్తున్న సహస్రాబ్దిలోనే పాలమూరులో మనవాళ్లు మందలు కాస్తున్నారు. నగరం కట్టలేదు కదా అని వాళ్లను తక్కువ చేయడం నాకు నచ్చదు. నగరం ఒక్కటే నాగరికత అనుకుంటే, పొలం దున్నడానికి ఎద్దును మచ్చిక చేసినవాడికి మన లెక్కలో చోటుండదు.

సూరత్‌లో ఇవాళ వేలాది తెలుగు కుటుంబాలున్నాయి. వరంగల్, కరీంనగర్, నల్గొండ నుంచి మగ్గం పని వెతుక్కుంటూ వచ్చినవాళ్లే ఎక్కువ. లింబాయత్ వైపు వెళ్తే పవర్‌లూమ్ చప్పుడు మధ్య తెలుగు మాటలు వినిపిస్తాయి. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో బడులు కూడా నడుపుతోంది. ఆ బడుల్లో చదివే పిల్లలకు హరప్పా అంటే పరీక్షలో రాసే ఒక ప్రశ్న. తమ నాన్న చేసే పనికీ ఆ మట్టి ముద్ర వెనకున్న గుడ్డ అచ్చుకూ సంబంధం ఉందని వాళ్లకెవరైనా చెప్పారా?

సూరత్‌లోని తెలుగు సంఘాలకు, బడి పంతుళ్లకు నా విన్నపం ఒక్కటే. విహారయాత్ర బస్సును ఈసారి లోథల్‌కు పోనివ్వండి. దారిలోనే భరూచ్ వస్తుంది. రతన్‌పుర్ గనుల సంగతి పిల్లలకు బస్సులోనే చెప్పొచ్చు. లోథల్ తవ్వకాల పక్కనే పురావస్తు శాఖ మ్యూజియం ఉంది, పూసలు, ముద్రలు అక్కడే చూడొచ్చు. దానికి శుక్రవారం సెలవు, మిగతా ఏ రోజైనా వెళ్లండి.