తాతయ్య దారి మరచిపోతే ట్రాకర్ ఎలా కనిపెడుతుంది?

ఎందుకు?
అల్జీమర్స్ వ్యాధి మెదడులో జ్ఞాపకాలకు, దారులు గుర్తుంచుకోవడానికి అవసరమైన హిప్పోకాంపస్‌ను తొలిదశలోనే దెబ్బతీస్తుంది. దాంతో ఏళ్ల తరబడి తిరిగిన వీధిలో కూడా ఇల్లు ఎటో తోచదు. అందుకే కొందరు పెద్దవాళ్లకు గడియారంలాగానో, లాకెట్‌లాగానో ఉండే జీపీఎస్ ట్రాకర్ పెడతారు.

ఎలా?
దాదాపు 20,200 కి.మీ. ఎత్తున తిరిగే జీపీఎస్ ఉపగ్రహాలు తామున్న చోటును, సమయాన్ని రేడియో సంకేతాలుగా పంపుతుంటాయి. కాంతి వేగంతో వచ్చినా ఆ సంకేతం నేలను చేరడానికి సెకనులో సుమారు 15వ వంతు పడుతుంది. ఎంతసేపు పట్టిందో చూసి ట్రాకర్ ఒక్కో ఉపగ్రహం దూరాన్ని లెక్కగడుతుంది. కనీసం నాలుగు ఉపగ్రహాల సంకేతాలు అందితే తానెక్కడుందో దానికి తెలుస్తుంది.

ఉపగ్రహాలు ఎవరినీ వెతకవు. తన చోటు తెలుసుకున్న ట్రాకరే సిమ్ కార్డు సాయంతో ఆ వివరాన్ని ఇంట్లోవాళ్ల ఫోనుకు పంపుతుంది. మ్యాప్‌లో ఇంటి చుట్టూ హద్దు గీసి పెట్టుకుంటే, అది దాటగానే ఫోను హెచ్చరిస్తుంది.

ఇది చాలా?
చాలదు. కాంక్రీటు గోడల మధ్య సంకేతం బలహీనపడుతుంది. చార్జింగ్ అయిపోతే ట్రాకర్ పనిచేయదు. మనిషి తోడు ఎప్పుడూ కావాలి. పైగా ఒకరి కదలికలు గమనించడం చిన్న విషయం కాదు. వాళ్లకు అర్థమయ్యేలా చెప్పి, వీలైనంతవరకు వాళ్ల ఒప్పుదలతోనే పెట్టాలి.

మీరేం చేయవచ్చు?
రోడ్డు మీద అయోమయంగా తిరుగుతున్న పెద్దవాళ్లు కనిపిస్తే నవ్వకండి. దగ్గర్లోని పెద్దలకు చెప్పి, అత్యవసర నంబరు 112కు ఫోన్ చేయించండి.